పరాయి వంటిల్లు

ఏ ప్రోగ్రామూ పూర్తిగా తన కాళ్ళ మీద తాను నిలబడదు. పది వరుసల కోడ్ అయినా సరే, అది నడవాలంటే ఒక భాషా అనువాదకం కావాలి, ఆ అనువాదకానికి కొన్ని లైబ్రరీలు కావాలి, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన, పిలిస్తే పలికే కోడ్ కావాలి, వాటన్నిటికీ కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, పైగా ఆ కంప్యూటర్ యజమాని ఎన్నడో చేసుకున్న చిన్నాచితకా అమరికలు కూడా అనుకూలించాలి. "నా మెషీన్‌లో నడుస్తోంది" అని ప్రోగ్రామరు అన్నప్పుడు ఆ మాట సాకులా వినిపిస్తుంది గాని, అది సాకూ కాదు, అబద్ధమూ కాదు. చెప్పినంత మేరకు నిఖార్సయిన సాక్ష్యమే. చిక్కల్లా "నా మెషీన్" అన్న రెండు ముక్కల్లో ఎంత సరంజామా ఇమిడి ఉందో ఆ సాక్షికే తెలియకపోవడంలో ఉంది. మూడేళ్ళ కిందట మరేదో పనికోసం ఎక్కించి మరచిపోయిన లైబ్రరీ, చుక్కతో మొదలయ్యే పేరుతో హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న సెట్టింగుల ఫైలు, తెలుగు టైపు చేసుకోవడానికి మార్చిన భాషా అమరిక, ఎప్పుడూ వెనక నడుస్తూ ఉండే డేటాబేస్, ఇవన్నీ కొత్తగా రాసిన కోడ్‌కు చడీచప్పుడు లేకుండా అప్పు పెట్టినవే. ఆ అప్పులు ఏ చిట్టాలోనూ ఎక్కవు. అప్పు పుట్టిన సంగతే తెలియనివారు దాన్ని ఎక్కడని రాసుకుంటారు?

ఇంటి వంటకూ పెళ్ళి వంటకూ మధ్య ఉన్న తేడా ఇక్కడ పనికివస్తుంది. ఇంట్లో పులిహోర కలిపే మనిషి ఇంగువ డబ్బా ఏ అరలో ఉందో వెతుక్కోనక్కరలేదు, చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది. ఉప్పు పిడికిలితో కొలుస్తారు, పోపు మాడకుండా ఉండడానికి ఆ మూకుడు మందం ఎంత కారణమో ఎన్నడూ ఆలోచించరు. అదే మనిషి కల్యాణ మండపంలో మూడు వందల మందికి వండవలసి వస్తే ముందురోజే సామాన్ల చిట్టా రాయాలి, అందులో చింతపండు ఎన్ని కిలోలన్న దగ్గర నుంచి గుండిగలు, గరిటెలు, గుడ్డలు, అగ్గిపెట్టె దాకా అన్నీ ఉండాలి. అగ్గిపెట్టెను పులిహోరలో భాగమని ఇంట్లో ఎవరూ అనుకోరు. చిట్టాలో అది తప్పిపోయిన రోజున మాత్రం మండపంలో పొయ్యి వెలగక, వంటమేస్త్రి పక్కింటివారి తలుపు తట్టవలసి వస్తుంది. రాసిన కోడ్‌ను నలుగురికీ అప్పగించే ముందు కంటెయినర్‌లో నడిపి చూడడమంటే, తన ఇంటి అలవాట్లేవీ చెల్లని పరాయి వంటింట్లో ఒకసారి పొయ్యి వెలిగించి చూసుకోవడమే.

అప్పగించడం అన్న మాటకు ఈ రంగంలో ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. బృందంగా పనిచేసే చోట ఎవరి కంప్యూటర్‌లో వారు కోడ్ నకలు ఉంచుకుని, దానిలో మార్పు చేసి, ఆ మార్పును మాత్రం ఒక మూటగా కట్టి ఉమ్మడి కోడ్‌లో కలపమని పంపుతారు. ఆ మూటను ప్యాచ్ అంటారు. మరొకరు దాన్ని చదివి అభిప్రాయం చెప్పడాన్ని రివ్యూ అనీ, ఒక సర్వరు దానిమీద పరీక్షలన్నీ తనంతట తాను నడపడాన్ని నిరంతర సమ్మేళనం అనీ అంటారు. వాడుకలో అందరూ అనేది సీఐ అనే. ప్యాచ్ పంపాక అరగంటకు సీఐ ఎర్రజెండా చూపితే పోయేది ఆ అరగంట ఒక్కటే కాదు, చదవడానికి కూర్చున్న రివ్యూయరు సమయమూ, ఆ సర్వరు ముందు వరుసలో నిలబడ్డ ఇతరుల ప్యాచ్‌ల సమయమూ కూడా. అందువల్ల ఆ సర్వరు చేయబోయే పరీక్షను ముందే, సొంత కంప్యూటర్ మీదే, కాని సొంత కంప్యూటర్ అలవాట్లు సోకకుండా చేసుకునే దారి ఏదైనా ఉందా అన్న ప్రశ్న పుట్టింది.

ఆ దారికి పడిన కంటెయినర్ అన్న పేరు ఓడల సరుకు పెట్టె నుంచి వచ్చింది. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరినప్పటి నుంచి, లోపల ఏముందో రేవుకూలీ తెలుసుకోనక్కరలేకుండానే సరుకు ఓడ నుంచి రైలుకు, రైలు నుంచి లారీకి మారుతూ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను ఒకచోట నుంచి మరోచోటికి చేరవేసేవారికి ఈ పోలిక అతికినట్టే సరిపోతుంది. పరీక్ష కోసం వాడేవారికి మాత్రం అది కొంత దారి తప్పిస్తుందనే చెప్పాలి. సరుకు పెట్టె గొప్పతనం లోపలి సరుకును బయటి ఎండావానల నుంచి కాపాడడంలో ఉంటే, పరీక్షకు వాడే కంటెయినర్ గొప్పతనం దాని ఖాళీతనంలో ఉంది.

ఆ ఖాళీ ఎలా సిద్ధిస్తుందో కొంచెం వివరించాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిగుండెలో ఉండి మెమరీని, డిస్కును, ప్రాసెసర్‌ను ప్రోగ్రాములకు పంచి ఇచ్చే భాగాన్ని కెర్నల్ అంటారు. కంటెయినర్ అంటే ప్రత్యేకమైన కంప్యూటర్ కాదు, కంప్యూటర్‌ను అనుకరించే వర్చువల్ మెషీన్ కూడా కాదు. ఉన్న కెర్నల్ మీదే నడుస్తూ, తన చుట్టూ ఉన్నవేవీ కనబడకుండా గంతలు కట్టిన మామూలు ప్రోగ్రాము మాత్రమే. 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌లో వచ్చిన సీహెచ్‌రూట్ అనే సౌకర్యం ఒక ప్రోగ్రాముకు డిస్కులో ఒక ఫోల్డరునే లోకమంతా అని నమ్మించగలిగింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ జెయిల్ అనే పేరుతో ఆ గోడను ఇంకా పైకి లేపింది. లైనక్స్‌లో 2002 నుంచి ఒక్కొక్కటిగా చేరిన నేమ్‌స్పేస్‌లు ఫైళ్ళకు, ప్రాసెస్ నంబర్లకు, నెట్‌వర్క్‌కు, వాడుకరి పేర్లకు విడివిడిగా గంతలు కడితే, 2008లో వచ్చిన సీగ్రూప్‌లు ఎవరెంత మెమరీ తినాలో కొలత పెట్టాయి. ఇవన్నీ ఉన్నా, వాటిని వాడడానికి కెర్నల్ లోతులు తెలిసినవారే కావలసి వచ్చేది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వారి సమావేశంలో ఐదు నిమిషాల ప్రసంగంలో చూపించిన డాకర్ అనే సాధనం చేసిన మేలు కొత్త గోడ కట్టడం కాదు, ఉన్న గోడలకు ఒక తలుపూ గొళ్ళెమూ పెట్టి అందరి చేతికీ ఇవ్వడం. ఏ పునాది మీద ఏమేమి ఎక్కించాలో వరుసగా రాసిన చిట్టాను డాకర్‌ఫైల్ అంటారు. దాన్ని అనుసరించి కట్టి భద్రపరచిన గదిని ఇమేజ్ అంటారు. ఆ ఇమేజ్ నుంచి లేచి, పనిచేసి, పని అయ్యాక తుడిచిపెట్టుకుపోయేదే కంటెయినర్.

ఆ పరాయి గదిలో ఏయే అప్పులు బయటపడతాయో చూడాలంటే తెలుగును మించిన ఉదాహరణ అక్కరలేదు. సభ్యుల పేర్లున్న ఫైలును తెరిచి అక్షరక్రమంలో పేర్చే చిన్న పైథాన్ ప్రోగ్రాము ఒకటి ఉందనుకుంటే, ల్యాప్‌టాప్‌లో అది ఏ అడ్డూ లేకుండా నడుస్తుంది, ఎందుకంటే ల్యాప్‌టాప్ పెట్టిననాడే భాషా అమరిక యూటీఎఫ్-8 అని కుదిరిపోయింది. యూటీఎఫ్-8 అంటే ప్రపంచ లిపులన్నిటినీ బైట్లుగా, అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకెలుగా రాసే పద్ధతి. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, మొదటి బైటు ఎప్పుడూ 224 ఉంటుంది. డెబియన్ వంటి ఒట్టి పునాది ఇమేజ్‌లో భాషా అమరిక అన్నదే ఉండదు. అది లేనప్పుడు 3.6 దాకా వచ్చిన పైథాన్ 3 వెర్షన్లు ఫైలును ఆస్కీ అనే పాత ఆంగ్ల పద్ధతిలో ఉందనుకునేవి, ఆస్కీకి 127 దాటిన అంకె తెలియదు. కాబట్టి మొదటి సభ్యుడి పేరు "రాముడు" అయితే, ర లోని తొలి బైటు 224 దగ్గరే, అంటే ఫైలు గడప దాటకముందే, ప్రోగ్రాము చతికిలబడుతుంది. 2018లో వచ్చిన పైథాన్ 3.7 ఈ మొరటుతనాన్ని మాన్పించింది. అయినా ఇక్కడ గమనించవలసింది పైథాన్ లోపాన్ని కాదు. "ఈ ఫైలు యూటీఎఫ్-8లో ఉంది" అన్న ఒక్క ముక్క ప్రోగ్రాములో రాయకపోవడాన్ని, ఆ రాయని ముక్కను ఇన్నాళ్ళూ ల్యాప్‌టాప్ తన జేబులోంచి చెల్లిస్తూ రావడాన్ని. ఆంగ్లం పేర్లు మాత్రమే పెట్టి పరీక్షించేవారికి ఈ అప్పు కంటెయినర్‌లో కూడా కనబడదు, అందుచేత తెలుగు ప్రోగ్రామర్లు తమ పరీక్షల్లో ఒక్క తెలుగు పేరైనా ఉంచుకోవడం భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు.

ఇంతకంటె సూక్ష్మమైన అప్పు ఒకటి ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వమూ దాని కింద వేలాడే గుర్తూ అని రెండు సంకేతాలుగా విడదీసీ రాయవచ్చు. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైళ్ళ వ్యవస్థ పేర్లను విడదీసి దాచుకునేది, లైనక్స్ మాత్రం ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. దాని ఫలితంగా "హైదరాబాద్" అనే పేరున్న ఫైలు ఒకచోట 27 బైట్ల పేరుతో, మరోచోట 30 బైట్ల పేరుతో ఉండి, మ్యాక్‌లో ఎలా పిలిచినా పలికిన ఫైలు లైనక్స్ కంటెయినర్‌లో "అలాంటి ఫైలు లేదు" అనిపించుకుంటుంది. ఫోల్డరు తెరిచి చూస్తే ఫైలు కళ్ళెదుటే ఉంటుంది. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ తేడా లేకుండా చూసే మ్యాక్ అలవాటు వల్ల ఆంగ్ల ఫైళ్ళ పేర్లకు పట్టే తిప్పలు వేరే ఉన్నాయి. ఆ భేదమే లేని తెలుగు లిపికి ఆ బాధ తప్పింది, దానికి బదులు ఐత్వం దక్కింది.

కాలం విషయంలో ల్యాప్‌టాప్ ఇచ్చే అప్పు మరీ వింతగా ఉంటుంది. కంటెయినర్లలో గడియారం సాధారణంగా ప్రపంచ ప్రామాణిక కాలాన్ని చూపుతుంది, భారత కాలం దానికంటె ఐదున్నర గంటలు ముందుంటుంది. రసీదు మీద తేదీ వేసే కోడ్‌లో ఒకచోట భారత కాలమని స్పష్టంగా అడిగి, మరోచోట మెషీన్ కాలాన్ని అడిగి ఉంటే, విజయవాడలోని ల్యాప్‌టాప్‌లో ఆ రెండు తేదీలూ ఇరవై నాలుగు గంటలూ ఏకీభవిస్తాయి. కంటెయినర్‌లో అవి పద్దెనిమిదిన్నర గంటలు ఏకీభవించి, అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా మాత్రం ఒక రోజు తేడా చూపుతాయి. అందుకే పగలంతా పచ్చగా ఉన్న పరీక్ష రాత్రి పొద్దుపోయి పనిచేసేవారికి ఎర్రబడుతుంది, వారు నిద్రమత్తులో తామే ఏదో చెడగొట్టామనుకుని పడుకుంటారు, పొద్దున్నే లేచి నడిపితే మళ్ళీ పచ్చగా కనబడుతుంది. అదే కోడ్‌ను డాలస్‌లో ఉన్న తెలుగు ప్రోగ్రామరు తన ల్యాప్‌టాప్‌లోనే నడిపితే, రోజులో పదకొండు గంటల పైచిలుకో, కొంచెం తక్కువో తేడా వస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు మొదటిరోజే దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో దూరదేశమే కంటెయినర్ చేసే పని చేసిపెడుతుంది.

ఇంతవరకూ చెప్పినవి కంటెయినర్ బయటపెట్టే అప్పులు. కంటెయినర్‌లో నడిపామన్న ధీమా దాచిపెట్టే అప్పులూ ఉన్నాయి, వాటిలో అన్నిటికంటె సామాన్యమైనది మరచిపోయిన ఫైలు. గిట్ అనే కోడ్ భద్రపరిచే పద్ధతిలో కొత్తగా సృష్టించిన ఫైలును "దీన్ని కూడా లెక్కలోకి తీసుకో" అని విడిగా చెప్పాలి; చెప్పకపోతే ఆ ఫైలు ఫోల్డరులో ఉంటుంది గాని, ప్యాచ్‌లోకి ఎక్కదు. సొంత కంప్యూటర్‌లోని ఫోల్డరును కంటెయినర్‌కు కిటికీలా తెరిచి చూపించే ఏర్పాటును బైండ్ మౌంట్ అంటారు, కోడ్ మార్చినప్పుడల్లా ఇమేజ్‌ను మళ్ళీ కట్టనక్కరలేకుండా వెంటనే నడిపి చూసుకునే వీలుంటుంది కాబట్టి ఎక్కువమంది దీన్నే వాడతారు. ఆ కిటికీలోంచి లెక్కకెక్కిన ఫైళ్ళూ, ఎక్కని ఫైళ్ళూ, రహస్య సంకేతాలున్న సెట్టింగుల ఫైలూ, ఆఖరుకు మ్యాక్ మీద తయారై లైనక్స్‌లో పనిచేయని లైబ్రరీ ముక్కలూ అన్నీ ఒకటిగా లోపలికి వస్తాయి. డాకర్‌ఫైల్‌లో ఫోల్డరును మొత్తంగా నకలు చేయమని రాసినా జరిగేది అదే. అంటే పరాయి వంటింటికి వెళుతూ ఇంటి పోపులపెట్టెను సంచిలో వేసుకుపోయినట్టే; అక్కడ వంట బాగా కుదిరిందనడం నిజమే, చిట్టా సరిగా ఉందని మాత్రం దానివల్ల తేలలేదు.

దీనికి మందు చిన్నదే. కిటికీ తెరవడం మాని, గిట్‌లో కమిట్ అయిన మార్పును, అంటే భద్రపరచి ముద్ర వేసిన మార్పును మాత్రమే కంటెయినర్ లోపల కొత్తగా క్లోన్ చేసుకుని, అక్కడ పరీక్షలు నడపాలి. క్లోన్ అంటే లెక్కలో ఉన్నంత మేరకే తీసిన పూర్తి నకలు, కాబట్టి మరచిన ఫైలు మరచినట్టే బయట ఉండిపోయి, లోపల దాని లోటు వెంటనే తెలుస్తుంది. రాస్తున్నంతసేపూ బైండ్ మౌంట్, పంపబోయే ముందు ఒక్కసారి క్లోన్ అని రెండు పూటలకు రెండు పద్ధతులు పెట్టుకోవడం మేలు. అయితే ఈ రెండో పూటను పాటించేవారు తక్కువ, ఎందుకంటే అప్పటికే పరీక్షలు పాసై ఉంటాయి, పాసైన పరీక్షను మళ్ళీ రాయమంటే ఎవరికైనా చిరాకే.

వికీపీడియాను నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ వ్యవహారమంతా బహిరంగంగా చూడవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాతో సహా 300కు పైగా భాషల వికీపీడియాలు దానిమీదే నడుస్తాయి. వాడుకరి, చర్చ, మూస, వర్గం వంటి తెలుగు పేర్లను ఏ విభాగానికి ఏది వాడాలో చెప్పే ఫైలు కూడా ఆ కోడ్‌లోనే ఉంటుంది. మార్పు చేయదలచినవారు దాన్ని గెరిట్ అనే రివ్యూ వ్యవస్థకు పంపుతారు, అక్కడ మనుషులు చదవడానికి ముందు జెన్‌కిన్స్ అనే మరయంత్రం పరీక్షలు నడిపి తన ఓటు వేస్తుంది. ఆ పరీక్షలను నడిపే సాధనం పేరు క్విబుల్; అల్ప విషయానికి పట్టుబట్టి తగువాడడమని ఆ ఆంగ్ల పదానికి అర్థం, పరీక్షకుడికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. క్విబుల్ తానే ఒక కంటెయినర్ ఇమేజ్‌లో ఉంటుంది, సర్వరులో నడిచే ఆ ఇమేజ్‌ను ఎవరైనా దించుకుని తమ ఇంట్లో నడిపి చూసుకోవచ్చు. సీఐ చేయబోయే తగువును ముందే ఇంట్లో ఆడి ముగించుకోవడమంటే ఇదే.

ఆ ప్రాజెక్టులోనే కొత్తవారి కోసం ఇచ్చిన మరొక కంటెయినర్ ఏర్పాటు ఉంది, అది రెండు మూడు ఆదేశాలతో మీడియావికీని లేపి చూపిస్తుంది. సులువు కోసం అందులో మామూలుగా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడతారు, ఎందుకంటే దానికి విడిగా సర్వరు అక్కరలేదు, సమాచారమంతా ఒకే ఫైలులో ఉంటుంది. వికీపీడియా అసలు సర్వర్లు వాడేది మరియాడీబీని. ఈ రెండింటి స్వభావాలు వేరు. పట్టికలో ఒక గడి పొడవు 255 అని రాస్తే ఎస్‌క్యూలైట్ దాన్ని పట్టించుకోదు, ఎంత ఇస్తే అంత దాచుకుంటుంది. మరియాడీబీ కట్టుదిట్టంగా ఉన్నప్పుడు నిరాకరిస్తుంది, సడలింపు ఉన్నప్పుడు తోక కత్తిరిస్తుంది. మీడియావికీలో పేజీ పేరుకు హద్దు 255 బైట్లు, కాబట్టి ఆంగ్ల శీర్షికకు 255 అక్షరాలు దొరికే చోట తెలుగుకు 85 సంకేతాలే దొరుకుతాయి. సంకేతమంటే అక్షరం కూడా కాదు. "రాముడు" మూడక్షరాల మాట, "స్త్రీ" ఒక్క అక్షరం, అయినా రెండింటికీ చెరి ఆరు సంకేతాలూ చెరి 18 బైట్లూ పడతాయి. స్త్రీ వంటి అక్షరాలైతే ఆ హద్దులో 14 కంటె ఎక్కువ పట్టవు. పేజీల పేర్ల విషయంలో ఈ హద్దును మీడియావికీ ముందే చూసుకుంటుంది గాని, దానికి అనుబంధాలు రాసేవారు సొంతంగా పెట్టుకున్న పట్టికలకు ఆ రక్షణ తనంతట తాను రాదు. 255ను మూడు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఉత్త తెలుగు పాఠాన్ని అక్కడ కత్తిరిస్తే కోత అదృష్టవశాత్తు సంకేతాల మధ్యనే పడుతుంది. మధ్యలో ఒక్క ఖాళీ చోటుకు ఒక్క బైటు చేరితే చాలు, కోత చివరి సంకేతం నడుమ పడి, మూడు బైట్లలో రెండే మిగిలి, తెరమీద అక్షరం స్థానంలో ప్రశ్నార్థకపు గుర్తు కనిపిస్తుంది. ఇది ఎస్‌క్యూలైట్ ఉన్న కంటెయినర్‌లో ఎన్నిసార్లు నడిపినా తెలియదు. ఆ గది శుభ్రంగానే ఉంది; కాకపోతే అది వంట జరగబోయే మండపం కాదు.

ఖాళీ గది అన్నది కూడా ఎవరో కట్టినదే, దానికీ అలవాట్లు ఉంటాయి. కంటెయినర్‌లో ప్రోగ్రాము వేరే చెప్పకపోతే రూట్ అనే సర్వాధికారిగా నడుస్తుంది, కాబట్టి "చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో రాయబోతే అడ్డుపడాలి" అనే పరీక్ష అక్కడ వీగిపోతుంది. రాజుగారిని ఆపే కాపలాదారు ఉండడు. లైనక్స్‌లో బైండ్ మౌంట్ ద్వారా ఆ రాజుగారు సృష్టించిన ఫైళ్ళను తరువాత ఇంటి యజమాని దిద్దబోతే అనుమతి లేదంటుంది. ఇమేజ్ పేరు పక్కన "లేటెస్ట్" అని ఉంటే, నిన్నటి గదీ నేటి గదీ ఒకటేనన్న హామీ లేదు. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28, అంటే లైనక్స్ ప్రోగ్రాములలో చాలా భాగం ఆధారపడే మూల లైబ్రరీ, పదాలను వరుసలో పేర్చే నియమాలను మార్చింది. పాత నియమాలతో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కట్టిన సూచికలు కొత్త నియమాల కింద నమ్మదగనివయ్యాయి. పునాది మారిన ఇమేజ్‌ను పాత సమాచారం కిందికి జరిపితే ఇదే జరుగుతుంది, పైకి ఏ దోషమూ కనిపించకపోవచ్చు. అందుకే జాగ్రత్తపరులు ఇమేజ్‌ను పేరుతో కాక డైజెస్ట్‌తో పిలుస్తారు. అది ఇమేజ్‌లోని సారాంశాన్నంతా మథించి తీసిన 64 గుర్తుల వేలిముద్ర, లోపల ఒక్క బైటు మారినా అది మారిపోతుంది. ఆ అరవై నాలుగు గుర్తులను చూసి ఏదేమిటో ఏ మనిషీ చెప్పలేడన్నది దాని ఇబ్బంది.

ఖర్చు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఇమేజ్‌లు డిస్కును మింగుతాయి. మ్యాక్, విండోస్‌ల మీద లైనక్స్ కెర్నల్ ఉండదు కాబట్టి అక్కడ కంటెయినర్లు వెనక ఒక వర్చువల్ మెషీన్‌ను నడుపుకుని దానిలో కాపురం చేస్తాయి, అందువల్ల ఫైళ్ళ కిటికీ నెమ్మదిస్తుంది. వ్యాఖ్యలో అక్షరదోషం దిద్దినందుకు ఇంత తంతు అక్కరలేదు. పరిచయం లేనివారి ప్యాచ్‌ను కంటెయినర్‌లో నడిపితే ప్రమాదం లేదనుకోవడం కూడా తొందరపాటే, కెర్నల్ ఉమ్మడిదే కదా. కంటెయినర్లను నడిపే రన్‌సీ అనే భాగంలో 2019 ఫిబ్రవరిలో బయటపడిన లోపం లోపలి ప్రోగ్రాము గోడ దాటి ఇంటిమీదికే రాగలదని చూపించింది.

ఏళ్ళ తరబడి నడిచిన ప్రాజెక్టు డాకర్‌ఫైల్‌ను పై నుంచి కిందికి చదివితే అది సామాన్ల చిట్టాలాగే మొదలై, పోనుపోను పాత తగాదాల దస్తావేజులా మారుతుంది. ఒక వరుసలో భాషా అమరిక యూటీఎఫ్-8 అని ఉంటుంది, దాని కింద కాలమండలం ఆసియా కోల్‌కతా అని ఉంటుంది, ఇంకొంత కిందకు పోతే ఎవరూ పేరు విననంత చిన్న లైబ్రరీ ఒకటి ఒక ప్రత్యేక వెర్షన్ సంఖ్యతో, "తీయవద్దు" అన్న రెండు ముక్కల వ్యాఖ్యతో ఉంటుంది. దాన్ని ఎవరు చేర్చారో గిట్ చెబుతుంది, ఎందుకు చేర్చారో మాత్రం కమిట్ సందేశంలో "బిల్డ్ సరిచేశాను" అని తప్ప లేదు, చేర్చినవారు ఉద్యోగం మారి రెండేళ్ళయింది. ఆ వరుస ఇంకా అవసరమో కాదో తేల్చుకోవడానికి కావలసింది దాన్ని తీసేసి, ఇమేజ్‌ను మొదటి నుంచి మళ్ళీ కట్టి, కొత్త క్లోన్ మీద పరీక్షలు ఒకసారి నడపడం, మహా అయితే పావుగంట పని. అదే ఫైలును ఈ వారం నలుగురు తెరిచారు, నలుగురూ ఆ వరుస దాకా వచ్చి, దాని కింద తమ వరుస ఒకటి చేర్చి మూసేశారు.